భయం గీసిన గిరి

హారర్ చిత్రం మనిషి నిస్సహాయతను చూపి భయపెడుతుందనీ, సూపర్‌హీరో చిత్రం మనిషికి మించిన బలాన్ని చూపి భరోసా ఇస్తుందనీ, అందుచేత ఈ రెండింటినీ ఒకే కథలో కలిపితే ఒకటి రెండోదాన్ని మింగేస్తుందనీ సినిమా చర్చల్లో తరచూ వినిపించే వాదనకు తెలుగు తెర చరిత్రలో ఆధారం తక్కువ. ‘పాతాళ భైరవి’ విడుదలైన 1951 నుంచి తెలుగు ప్రేక్షకుడు మాంత్రికుడి గుహనూ వీరుడి సాహసాన్నీ ఒకే టికెట్టు మీద చూస్తున్నాడు. వేర్వేరు చిత్రాల్లో పుట్టిన పాత్రలు ఒక కథలో కలుసుకోవడాన్ని నేడు క్రాసోవర్ అంటున్నారు. అలా కలిసే చిత్రాలన్నీ పంచుకునే ఉమ్మడి కథాలోకానికి సినిమాటిక్ యూనివర్స్ అని పేరు. ఈ పేర్లు హాలీవుడ్ నుంచి వచ్చినవే అయినా వాటి వెనకున్న కథన విద్యలో తెలుగువారి అనుభవం పాతది. బలానికి విలువ కట్టేది భయమనీ, ఆ భయం నిలబడేది కథ తనకు తాను విధించుకున్న నియమం మీదనేననీ ఆ అనుభవం చెబుతుంది.

ఈ సంగతిని దగ్గర నుంచి గమనించే వీలు దేశ రాజధానిలోని తెలుగు ప్రేక్షకులకు ఎక్కువగా దొరుకుతోంది. ఇండియా గేట్ వైపు నుంచి గోల్ డాక్‌ఖానా దాకా సాగే అశోకా రోడ్డు మీద, ఒకప్పుడు నిజాం కోసం కట్టిన హైదరాబాద్ హౌస్ పక్కనే ఉన్న ఆంధ్ర భవన్ ఆ నగరంలోని తెలుగువారికి కూడలి. అక్కడి క్యాంటీన్లో భోజనానికి వరసలో నిలబడే ఉద్యోగులకూ సివిల్స్ అభ్యర్థులకూ తెలుగు చిత్రమూ హిందీ చిత్రమూ రెండూ సొంతవే. 2024 సంక్రాంతికి జనవరి 12న వచ్చిన ‘హనుమాన్’నూ, అదే ఏడాది ఆగస్టు 15న వచ్చిన ‘స్త్రీ 2’నూ పక్కపక్కన పెట్టి చూసే అవకాశం వారికి సహజంగానే ఉంది. మొదటిది సూపర్‌హీరో కథ అయినా దాని గుండెలో ఒక భీతి ఉంది. రెండోది దెయ్యం కథ అయినా దాని ముగింపు వీరుల కలయికతోనే సాధ్యమైంది.

‘స్త్రీ’ మూలం తెలుగు పల్లెలకు కొత్తది కాదు. గత శతాబ్దం చివరి దశకాల్లో కోస్తాలోనూ తెలంగాణలోనూ ఎన్నో ఇళ్ల తలుపుల మీద, గోడల మీద సుద్దతోనో బొగ్గుతోనో ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసిపెట్టుకున్న కాలం ఒకటుంది. కర్ణాటకలో ‘నాళె బా’ అన్నదీ ఇదే నమ్మకం. రాత్రిపూట తలుపు తట్టే ఆడదెయ్యం ఆ రాత చదివి, అందులోని మాటకు కట్టుబడి వెనక్కి మళ్లుతుందనీ, మర్నాడు వచ్చినా అదే రాత ఎదురవుతుంది కాబట్టి ఆ రేపు ఎన్నటికీ రాదనీ జనం నమ్మారు. ఆయుధం లేని మనిషికి ఇక్కడ రక్షణగా నిలిచింది ఒక నియమం, అదీ దెయ్యం కూడా ఒప్పుకున్న నియమం. 2018లో అమర్ కౌశిక్ దర్శకత్వంలో వచ్చిన ‘స్త్రీ’ ఈ నమ్మకాన్ని మధ్యప్రదేశ్‌లోని చందేరీ పట్టణానికి తీసుకెళ్లింది. ఆ కథ రాసిన రాజ్ నిడిమోరు, కృష్ణ డీకే తిరుపతిలో ఇంజినీరింగ్ చదివిన తెలుగువారు. చిత్రం చివరికొచ్చేసరికి గోడమీది రాత మారి, రేపు రమ్మనే చోట తమను కాపాడమనే వేడుకోలు కనిపిస్తుంది. కథలోని దెయ్యం అలా ఊరి కాపరిగా మారిన తర్వాతే, ‘భేడియా’ అనే మరో చిత్రంలోని తోడేలు మనిషి ‘స్త్రీ 2’లో ఆ ఊరికి అండగా రావడానికి తావు ఏర్పడింది.

భయపెట్టినదే కాపాడే శక్తిగా మారడం సినిమా కనిపెట్టిన ఉపాయం కాదు. అకాల మరణం పొందిన స్త్రీలను పేరంటాళ్లుగా కొలిచే ఆచారం తెలుగునాట తరతరాలుగా ఉంది; పెనుగంచిప్రోలు తిరుపతమ్మ గుడికి నేటికీ తరలివెళ్లే భక్తులే అందుకు సాక్ష్యం. ఊరు తాను చేసిన అన్యాయాన్ని గుర్తించి, ఆ స్త్రీకి గుడి కట్టి, ఏటా తిరునాళ్లు జరిపినంత కాలం ఆమె చల్లగా చూస్తుందన్న నమ్మకంలో భయమూ భక్తీ ఒకదాన్నొకటి వదలవు. 2025 ఆగస్టులో మలయాళంలో వచ్చి తెలుగులో ‘కొత్త లోక’గా విడుదలైన చిత్రం ఈ దారిలోనే నడిచి, కేరళ జానపద గాథల్లో నెత్తురు తాగే యక్షిగా పేరుపడ్డ కళ్లియంకాట్టు నీలిని సూపర్‌హీరోగా నిలబెట్టింది. ‘హలో’ చిత్రంతో తెలుగువారికి పరిచయమైన కల్యాణీ ప్రియదర్శన్ ఆ పాత్రలో మెప్పించడానికి పోరాటాలు ఒక కారణమైతే, కాపాడుతున్న ఆమెలో యక్షి ఆకలి ఇంకా చావలేదన్న ఎరుక ప్రేక్షకుణ్ని విడవకపోవడం అంతకంటే పెద్ద కారణం.

వెనక్కి వెళ్లి చూస్తే ఈ విద్య మరింత స్పష్టంగా కనిపిస్తుంది. కె.వి.రెడ్డి తీసిన ‘పాతాళ భైరవి’లో నేపాళ మాంత్రికుడికి కావలసింది బలి ఇవ్వడానికి ఒక సాహసవంతుడు, నాయకుడు తోట రాముడికి కావలసింది రాకుమారిని పెళ్లాడేంత సంపద. సాహసిని బలిస్తే దేవి ప్రసన్నమవుతుందన్న నియమం ఇద్దరికీ ఒకటే కావడం వల్ల, సంగతి తెలుసుకున్న రాముడు మాంత్రికుణ్నే బలిచ్చి వరం పొందగలిగాడు. ఆ వరంగా దక్కిన ప్రతిమ కూడా మంచివాడికే లొంగుతానని ఎక్కడా చెప్పదు. అది ఎవరి చేతిలో ఉంటే వారి మాటే వింటుంది కాబట్టి, తిరిగి బతికిన మాంత్రికుడి చేతికి అది చిక్కగానే నాయకుడి వైభవమంతా ఒక్క క్షణంలో మాయమవుతుంది. ఎస్.వి.రంగారావు మాంత్రికుడు ఏడు దశాబ్దాల తర్వాత కూడా భయపెట్టగలగడానికి ఆయన కంఠమూ చూపూ ఎంత కారణమో, కథ ఆయనకు నాయకుడితో సమానమైన హక్కు ఇవ్వడం అంత కారణం. 1952లో బొంబాయిలో మొదలై మద్రాసు, ఢిల్లీ, కలకత్తాలకు సాగిన భారతదేశపు తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ప్రదర్శితమైన మన చిత్రాల్లో ‘పాతాళ భైరవి’ ఒకటి.

విఠలాచార్య 1978లో తీసిన ‘జగన్మోహిని’లో దెయ్యం వంట చేసే దృశ్యాన్ని ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కోడలి రూపంలో ఇంట్లో చేరిన దెయ్యం పొయ్యి ముందు కూర్చుని, కట్టెలకు బదులు తన కాళ్లనే పొయ్యిలోకి చాపి మంట రాజేస్తుంది. ఈనాటి గ్రాఫిక్స్ ముందు ఆ ట్రిక్కు చాలా చిన్నది, అయినా దాన్ని చూసిన తరం నేటికీ మరచిపోలేదు. ఇంట్లో అందరికీ తెలిసిన చోటు వంటిల్లు. అక్కడ రోజూ జరిగే పని పొయ్యి వెలిగించడం. ఆ పనిలో ఒక్క వస్తువు మాత్రమే మారింది. తెలిసినదంతా యథాతథంగా ఉంచి ఒక్కదాన్ని మార్చడమే హారర్ కథనానికి ప్రాణమన్న సూత్రానికి తెలుగులో ఇంతకంటే సూటి ఉదాహరణ దొరకదు.

కోడి రామకృష్ణ దర్శకత్వంలో 2009లో వచ్చిన ‘అరుంధతి’ ఆ రెండు చిత్రాల వారసత్వాలనూ ఒక్కటి చేసింది. ప్రతినాయకుడు పశుపతిని చంపితే ప్రేతాత్మగా మరింత బలపడతాడు కాబట్టి అతన్ని సజీవంగా సమాధి చేయవలసి వస్తుంది. అతన్ని శాశ్వతంగా అంతం చేసే ఆయుధం నాయిక జేజమ్మ ఎముకలతోనే తయారు కావాలి కాబట్టి ఆమె ప్రాణత్యాగానికి సిద్ధపడుతుంది. దధీచి వెన్నెముకతో వజ్రాయుధం చేసిన పురాణగాథ తెలిసిన ప్రేక్షకుడికి ఈ తర్కం విడమరచి చెప్పనక్కరలేదు. నాయిక బలం ఆమె చెల్లించిన మూల్యం నుంచి పుట్టడం వల్లనే, సూపర్‌హీరో అనే ముద్ర లేకపోయినా, ఆ కోవలో తెలుగు తెర చూసిన అత్యంత సమర్థమైన పాత్రల్లో జేజమ్మ నిలిచింది.

హారర్‌కూ సూపర్‌హీరో కథకూ ఉన్న చుట్టరికం శరీరంలోనే కనిపిస్తుంది. 2002 నాటి ‘స్పైడర్‌మ్యాన్’లో సాలీడు కాటు, 2022 నాటి ‘భేడియా’లో తోడేలు కాటు, 2021 నాటి ‘జాంబీ రెడ్డి’లో చచ్చీ చావని మనిషి కాటు చేసే పని ఒకటే, మనిషి ఒంట్లోకి వాడు కోరని శక్తి ఒకటి ప్రవేశిస్తుంది. ఆ శక్తి మనిషికి లొంగితే వీరగాథ, మనిషే దానికి లొంగిపోతే భయానక కథ. ఆ ‘స్పైడర్‌మ్యాన్’ తీసిన శామ్ రైమీ 1981లో ‘ఈవిల్ డెడ్’తో పేరు తెచ్చుకున్నవాడు కావడం, రాయలసీమ ఫ్యాక్షన్ నేపథ్యంలో ‘జాంబీ రెడ్డి’ తీసిన ప్రశాంత్ వర్మే ‘హనుమాన్’తో సూపర్‌హీరో లోకానికి పునాది వేయడం ఈ చుట్టరికాన్ని బలపరుస్తాయి. తల్లిదండ్రులను పోగొట్టుకున్న బాలుడికి హనుమంతుడు శక్తులు ప్రసాదించే కథతో ఎన్టీఆర్ నటించిన ‘సూపర్‌మేన్’ 1980లోనే వచ్చినప్పటికీ, ‘హనుమాన్’ దానికి రెండు మెలికలు చేర్చింది. అంజనాద్రి అనే ఊరి కుర్రవాడికి దొరికిన మణి పగటి వెలుగులోనే పనిచేస్తుంది. అతని ప్రత్యర్థి మైఖేల్, సూపర్‌హీరోలకు తల్లిదండ్రులు ఉండరన్న పిచ్చి లెక్కతో చిన్నతనంలోనే కన్నవారిని కడతేర్చినవాడు. సూర్యాస్తమయాన్ని గండంగా, ఆశయాన్నే ఉన్మాదంగా మార్చిన ఈ రెండు నిర్ణయాలూ హారర్ విద్య నుంచి తెచ్చుకున్నవే.

కలయికలు ఎక్కడ చెడిపోతాయన్నదానికి హాలీవుడ్ చరిత్ర మంచి సాక్ష్యం. యూనివర్సల్ సంస్థ 1943లో ఫ్రాంకెన్‌స్టైన్ సృష్టించిన వికృతాకారాన్నీ తోడేలు మనిషినీ ఒక చిత్రంలో ఎదురెదురుగా నిలిపి, మరుసటి ఏడాది డ్రాక్యులాను కూడా చేర్చి, 1948 నాటికి వాటన్నిటినీ అబాట్, కాస్టెల్లో అనే హాస్యజంట చిత్రంలోకి తెచ్చింది. ఆ చిత్రం నవ్వించడంలో గెలిచింది. ఆ భూతాలు మాత్రం పాత భయాన్ని పోగొట్టుకున్నాయి. నేటి సమాంతర విశ్వాల కథల్లోనూ ఇదే గండం పొంచి ఉంది. చనిపోయిన పాత్ర మరో విశ్వం నుంచి తిరిగి రాగలిగితే చావుకు బరువుండదు, చావుకు బరువు లేని చోట సాహసానికి అర్థముండదు. 2021లో ముగ్గురు స్పైడర్‌మ్యాన్‌లను కలిపిన ‘నో వే హోమ్’ ఆ గండాన్ని దాటగలిగిందంటే, తన ప్రియురాలితో సహా లోకమంతా తనను మరచిపోవాలన్న షరతుకు నాయకుడు చివర్లో తలొగ్గడం వల్లనే. కబడ్డీలో కూతకు వెళ్లినవాడి సత్తా గీత వల్లా ఊపిరి వల్లా తెలిసినట్టే, తెరమీది వీరుడి సత్తా అతను దాటలేని హద్దు వల్ల తెలుస్తుంది.

తెలుగులో ఉమ్మడి కథాలోకాల ప్రకటనలు వరసగా వస్తున్న ఈ రోజుల్లో, అభిమాని ఆశపడవలసింది ఎక్కువమంది వీరుల కలయిక కోసం కాదు. చివరి పేర్ల తర్వాత వచ్చే పోస్ట్ క్రెడిట్ దృశ్యం మరో చిత్రానికి దారి చూపగలదే గాని, చూస్తున్న చిత్రంలో లేని భయాన్ని తెచ్చిపెట్టలేదు. ఒక లోకంలోని దెయ్యం ఏ మాటకు కట్టుబడుతుందో, మరో లోకంలోని వీరుడు ఏ ఘడియలో బలహీనుడవుతాడో ముందే తేల్చి, ఆ రెండు నియమాలనూ ఒకదానితో ఒకటి ఢీకొట్టించిన రచయితే నిజమైన క్రాసోవర్ రాసినవాడవుతాడు. క్షుద్రపూజలు, పేరంటాళ్లు, గ్రామదేవతలు, జానపద మాంత్రికులు, ఊరి చివరి మర్రిచెట్లు ఇంత దండిగా ఉన్న భాషకు ముడిసరుకు కొరత లేదు. ఆ నమ్మకాలను అలంకారాలుగా వాడుకోకుండా, వాటిలోని కట్టుబాట్లను కథకు వెన్నెముకగా స్వీకరించే శ్రద్ధ ఒక్కటే ఇప్పుడు కావాలి. ఆ శ్రద్ధ పెట్టిన చిత్రాన్ని తెలుగు ప్రేక్షకుడు కర్నూలులోనైనా, అశోకా రోడ్డు చుట్టుపక్కల థియేటర్లోనైనా ఒకేలా ఆదరిస్తాడని ‘పాతాళ భైరవి’ నుంచి ‘హనుమాన్’ దాకా సాగిన చరిత్ర భరోసా ఇస్తోంది.