ముడి కనపడని కుచ్చు

పామర్రు నుంచి కూచిపూడి వెళ్లే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా ఒక పెంకుటిల్లు ఉంది. వరికుచ్చును నేను మొదటిసారి దగ్గరగా చూసింది ఆ ఇంటి వసారాలోనే. దూలానికి వేలాడుతూ, వాకిట్లోంచి చూస్తే పండిన గుమ్మడిపండులా ఉంది. దగ్గరికి వెళ్తే వందకు పైగా వెన్నులు, ఒకదాని భుజం మీద ఒకటి వాలి, గింజలన్నీ బయటికీ కిందికీ చూస్తున్నాయి. అడుగున చెయ్యి పెట్టి కొంచెం ఎత్తాను. వేళ్లతో లోపల తడిమాను. దారం గానీ, ఇనపతీగ గానీ, జిగురు గానీ తగల్లేదు. ఎక్కడ మొదలుపెట్టారో, ఎక్కడ ఆపారో చెప్పే ముడి ఒక్కటి కూడా దొరకలేదు. గడ్డే గడ్డిని పట్టుకుని ఉంది.

ఇంటి అలంకరణకని, ఎవరికైనా ఇవ్వడానికని మనం చేసుకునే వస్తువుల్లో ఇంత తక్కువ సరంజామాతో అయ్యేది మరొకటి నాకు కనిపించలేదు. చేనులోంచి రెండు గుప్పిళ్ల వెన్నులు, చెంబుడు నీళ్లు, ఒక పూట తీరిక ఉంటే చాలు. వరి కోతల వేళ కొత్త ధాన్యం వెన్నులతో కుచ్చు అల్లి ఒకటి గుడి మండపంలోనూ, ఒకటి ఇంటి వసారాలోనూ కట్టడం డెల్టా పల్లెల్లో పాత అలవాటు. అది ఇంటికి అందం, పిచ్చుకలకు తిండి. ఈ రెండు పనులూ ఒకే అల్లికలో ఎలా ఇమిడాయో చూడాలనే ఆ ఇంటి పెద్దాయన దగ్గర ఒక రోజంతా కూర్చున్నాను. బాబాయి గారూ అని పిలిస్తే పలికారు. చేసి చూపించమంటే మాత్రం, "ముందు చేలోకి పద తల్లీ, కుచ్చు అక్కడే సగం అయిపోద్ది" అన్నారు.

సగం కాదు, ముప్పాతిక అక్కడే అవుతుందని ఇప్పుడు నాకనిపిస్తోంది. వరి వెన్ను కొస నుంచి మొదలుకి పండుతూ వస్తుంది. కొసన గింజలు బంగారం రంగుకొచ్చే వేళకు మొదట్లో గింజలు ఇంకా లేతపచ్చగా ఉంటాయి. కుచ్చుకు కావలసిన వెన్ను సరిగ్గా ఆ దశలో ఉండాలి. పూర్తిగా పండనిస్తే చేతిలో పట్టుకోగానే గింజ రాలుతుంది, గడ్డి పెళుసెక్కుతుంది. మరీ ముందే కోస్తే గింజలో పాలు గట్టిపడక, ఎండాక తాలుగా మిగులుతుంది. మధ్యలో నాలుగైదు రోజులు మాత్రమే అదను. ఆయన గట్టు మీద నడుస్తూ ఒక్కో వెన్నును అరచేతిలోకి తీసుకుని, మెడ దగ్గర బొటనవేలితో మెల్లగా వంచి చూసేవారు. వంగితే తీసుకునేవారు, చిట్లితే వదిలేసేవారు.

కోయడం కూడా కొడవలితో కాదు. పోటాకు పైన వెన్నును పట్టుకుని నిటారుగా, ఆగకుండా లాగితే ఆకు ఒరలోంచి కాడ కీచుమంటూ జారి బయటికొస్తుంది. ఒరలో ఎండ సోకకుండా దాగిన ఆ కాడ లేతగా, నున్నగా, మూరకు కొంచెం తక్కువ పొడవున ఉంటుంది. వరి దుబ్బులో అన్నిటికంటే పొడవైన కణుపు నడిమి అదే. అందులో కణుపు ఉండదు. అసలు కిటుకు అదే. కొడవలితో కింద నుంచి కోసిన గడ్డిలో కణుపులుంటాయి. కణుపు దగ్గర గడ్డి వంగనని మొరాయించి విరుగుతుంది, అల్లిక అక్కడే తెగుతుంది. కణుపు లేని కాడ వేలి చుట్టూ తిప్పినా ఊరుకుంటుంది. ఈ సంగతి ఏ వృక్షశాస్త్ర పుస్తకమూ చదవకుండా చేతులు కనిపెట్టాయి.

రకాన్ని బట్టి కుచ్చు రూపు మారుతుంది. మన బాపట్ల పరిశోధనా స్థానం 1986లో ఇచ్చిన సాంబమసూరి, అంటే బీపీటీ 5204, సన్నగింజ రకం. వెయ్యి గింజలు కలిపి సుమారు 15 గ్రాములే తూగుతాయి. దానితో అల్లిన కుచ్చు పట్టుకుచ్చులా నాజూగ్గా జారుతుంది. గోదావరి పక్క మార్టేరు నుంచి 1982లో వచ్చిన స్వర్ణ గింజ దానికంటే బరువైనది, రంగు ముదురు. ఆ కుచ్చు నిండుగా, బొద్దుగా ఉంటుంది. మోకాలు దాటి నడుము పైకి పెరిగే పాత దేశవాళీ రకాలుండగా కాడలు ఇంకా పొడుగ్గా వచ్చేవని, జడ బారెడు వేలాడేదని బాబాయి గారు చెప్పారు. పొట్టి రకాలొచ్చాక జడ కురచై కుచ్చు గుండ్రబడింది. పంటలో వచ్చిన మార్పు ఇంటి గుమ్మం మీది అలంకారంలో అలా కనిపిస్తుందన్నమాట.

వెన్నుల్ని నీడలో ఒక పూట వాడనిచ్చి, కాడల మీద మాత్రం నీళ్లు చిలకరించి తడిగుడ్డలో చుట్టి పెట్టారు. గింజ తడవకూడదు, కాడ ఆరకూడదు. ఆ తరవాత అల్లిక మొదలైంది.

మూడు వెన్నులు తీసుకుని మెడల దగ్గర ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టారు. ఎడమచేతి బొటనవేలు ఆ మూడు మెడల మీద పడింది. మళ్లీ కుచ్చు పూర్తయ్యేదాకా అక్కడి నుంచి ఆ వేలు పూర్తిగా లేవలేదు. జరుగుతుందే గానీ లేవదు. నాలుగో వెన్నును పక్కన చేర్చి, దాని కాడను వెనకగా రెండు కాడలు దాటించి, ముందుకు తెచ్చి, పైకి నిలబెట్టి నొక్కారు. ఐదో వెన్ను కాడ వచ్చి నాలుగోదాన్ని బిగించింది. ఆరోది వచ్చి ఐదోదాన్ని బిగించింది. ప్రతి కాడకూ తాళం తరవాత వచ్చే కాడే. చుట్టు తిరిగేసరికి కాడలన్నీ మధ్యలో నిలువుగా చేరి కాండంలా నిలబడ్డాయి, వెన్నులన్నీ బయటికి వాలాయి. రెండో చుట్టులో మూడు వెన్నులు ఎక్కువ, మూడో చుట్టులో మరో మూడు. అలా పెంచుకుంటూ పోతే నడుము వెడల్పవుతుంది. నడుము వచ్చాక మళ్లీ తగ్గించుకుంటూ రావాలి. పైన అల్లిన వెన్నులు కింది చుట్టును కప్పుతూ వాలతాయి గనక, అల్లినవాళ్లకు కూడా తమ పనితనం కనపడకుండా పోతుంది. ఆయన చూసి అల్లడం లేదు, తడిమి అల్లుతున్నారు. లెక్క పైకి చెప్పరు. పెదవులు మాత్రం కదులుతుంటాయి.

చివరికి మధ్యలో చేరిన కాడలన్నిటినీ గుప్పిట్లో పట్టి, ఒక్క పొడుగు కాడతో మెడ చుట్టూ నాలుగు చుట్లు తిప్పి, దాని కొసను ఆ చుట్ల కిందికే తోసేశారు. మిగిలిన కాడలు మూడు పాయలై జడయ్యాయి. జడ కొసను వెనక్కి మడిచి తనలోకే అల్లేసరికి తగిలించుకోవడానికి ఉంగరం తయారైంది. ముడి నాకెందుకు దొరకలేదో అప్పుడు అర్థమైంది. ఉన్న కొసలన్నీ లోపలికే ప్రయాణం చేశాయి.

నా వంతు వచ్చినప్పుడు శక్తికొద్దీ బిగించాను. అల్లిక బిగువుగా ఉండటమే గొప్పతనమనుకున్నాను. ఆయన దాన్ని తీసుకుని వెన్నుల మధ్య చిటికెనవేలు దూర్చబోయారు, దూరలేదు. "ఇంత బిగిస్తే పిట్ట ముక్కు ఏడ దూరుద్ది తల్లీ? మరీ వదులైతే అది వాలంగానే ఊడిపోద్ది. రెంటికీ మధ్యన ఆపాల" అన్నారు. నేను ఆ రోజు విన్నవాటిలో మర్చిపోలేని మాట అది. పిచ్చుక బరువు పాతిక ముప్పై గ్రాములు. ఒకేసారి అయిదారు వాలి, తలకిందులుగా వేలాడి, గింజను లాగి, అక్కడే ఊక ఒలుచుకుంటాయి. ఆ లాగుడుకు వెన్ను ఊడకూడదు. గింజ మాత్రం ఊడాలి. నూరు వెన్నులున్న సాంబమసూరి కుచ్చులో ధాన్యం పావుకిలో పైచిలుకు ఉంటుంది. దాన్ని నెలల తరబడి, ఎండుతూ కుదించుకుపోయే గడ్డి, ఏ ముడీ లేకుండా మోయాలి. తడి కాడ ఎండాక సన్నబడి వదులవుతుందని ముందే లెక్కలో వేసుకుని, ఆ మేరకే బిగించాలి. ఈ లెక్క తెలిసిన చేతిని నేను ఏ పెద్ద శిల్పి చేతికీ తక్కువగా చూడలేను.

ఆ చేతికి ఆ తెలివి ఒక్క కుచ్చు వల్ల రాలేదు. డెల్టా రైతు ఇంట్లో గడ్డితో చెయ్యని పని ఉండేది కాదు. పనలు కట్టడానికి వెంటి పేనాలి. ధాన్యం దాచుకోవడానికి అదే వెంటిని చుట్లు చుట్లుగా పేర్చి, మనిషి ఎత్తు పురి కట్టాలి. వాన నీరు లోపలికి దిగకుండా గడ్డివామి వెయ్యాలి. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయి కాలవలు పారాక ఈ నేల అంతా వరిమయమైంది. అంటే ఇంటింటా గడ్డి పనిమంతులు తయారయ్యారు. పురి పోయి గోనెసంచి వచ్చింది, వెంటి పోయి ప్లాస్టిక్ తాడు వచ్చింది. ఆ విద్యలన్నిటిలో ఇంటి ముందు కళ్లెదుట మిగిలింది ఈ కుచ్చు.

అది కూడా ఎక్కడపడితే అక్కడ మిగల్లేదు. కోతమిషను వచ్చిన చేలో వెన్ను వెన్నుగా దొరకదు. కోత, నూర్పిడి ఒక్క పరుగులో అయిపోయి ధాన్యం ఒకవైపు, నలిగిన గడ్డి ఒకవైపు పడతాయి. అయితే కృష్ణా డెల్టాలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందే చేలో మినుములు చల్లే పద్ధతి ఉంది. వరి కింద మినుము మొలకెత్తుతుంటే మిషను దించితే చక్రాల కింద మొక్క నలిగిపోతుంది. అందుకని అలాంటి చేలల్లో కొడవలి పూర్తిగా పోలేదు. కొడవలి ఉన్న చోట కూలీలు కూర్చుని భోజనం చేసే గట్టు ఉంటుంది. అన్నం తిన్నాక కుచ్చు అల్లే చెయ్యీ ఉంటుంది. వరికుచ్చును మినుము కాపాడుతోందంటే వింతగా ఉంటుంది గానీ, నేను చూసినంతలో అదే నిజం.

బెజవాడలో సంక్రాంతి రోజుల్లో ఈ కుచ్చులు అమ్మకానికి వస్తాయి. కొనుక్కోండి, అల్లిన చేతికి నాలుగు రూపాయలు చేరతాయి. కానీ వార్నిష్ పూసినవీ, బంగారు రంగు చిమ్మినవీ వద్దు. మెరుపు కోసం పూసిన ఆ పూత గింజను తిండి కాకుండా చేస్తుంది. తినడానికి లేని కుచ్చు నా దృష్టిలో సగం పని మాత్రమే. అపార్టుమెంటు బాల్కనీలో అయినా సరే, వాన జల్లు పడని చోట, పిల్లి ఎగరలేని ఎత్తులో, పూత లేని కుచ్చు కట్టి చూడండి. మార్చి 20ని పిచ్చుకల దినంగా 2010 నుంచి జరుపుకుంటున్నారు. ఆ ఒక్క రోజు కోసం చూడక్కర్లేదు.

మొదటిసారి చేసేవాళ్లు గుండ్రటి కుచ్చు జోలికి పోకండి. పదిహేను వెన్నులతో జడ అల్లండి. మూడేసి కాడలు ఒక పాయగా మొదలుపెట్టి, పాయ మారినప్పుడల్లా ఒక వెన్నును కొత్తగా చేర్చుకుంటూ పోతే గింజలన్నీ ఒకే వైపుకు వాలిన చిన్న తోరణం అవుతుంది. గంట పని. కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్లకు నేను ఇప్పుడు పట్టుకెళ్లేది అదే. తీసుకున్నవాళ్లు ముందు గింజను గిల్లి చూస్తారు, నిజం ధాన్యమేనా అని. ఆ గిల్లడం చూడటం నాకు ఇష్టం.

ఒడిశా ఆడవాళ్లు మార్గశిర గురువారాల్లో కొత్త ధాన్యం వెన్నులు అల్లి లక్ష్మి దగ్గర పెడతారు. కేరళలో ఇల్లంనిర నాడు గుళ్లో పూజచేసిన వెన్నులు ఇంటికి తెచ్చి కట్టుకుంటారు. ఇంగ్లండు పల్లెల్లో గోధుమ కోతల చివరి గడ్డితో కార్న్ డాలీ అనే బొమ్మ అల్లి, మళ్లీ విత్తే కాలం దాకా ఇంట్లో దాచేవారు. దాచడం వాళ్ల పద్ధతి. పిట్టకు పెట్టడం మన వసారా పద్ధతి.

ఉగాదికి మళ్లీ ఆ ఇంటికి వెళ్లాను. కుచ్చు అదే దూలానికి ఉంది. గింజ ఒక్కటి లేదు. కింద అరుగు మీద ఊక పరుచుకుని ఉంది. బాబాయి గారు దాన్ని దించి నా చేతికిచ్చారు. గింజలన్నీ పోయాక లోపలి అల్లిక మొత్తం మొదటిసారి బయటపడింది. ఒకదాని వెనక ఒకటి పదకొండు చుట్లు, ప్రతి కాడా రెండు వెనక, ఒకటి ముందు, ఎండిపోయి, తేనె రంగుకు తిరిగి, ఒక్కటి కూడా సడలకుండా ఉన్నాయి. ఏడో చుట్టులో ఒక్కచోట మాత్రం కాడ రెండింటికి బదులు మూడు దాటింది. వేలు పెట్టి చూపించాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. "అప్పుడెవరో పిలిచుంటారు" అన్నారు. తరవాత దాన్ని పెరట్లోకి తీసుకెళ్లి ఆవు ముందు వేశారు.