గడికీ గడికీ మధ్య

ఇవాళ్టి నుంచి మనం షెరీఫుల కుటుంబం అంటాడు నాన్న. కోటు మీద కుట్టిన పసుప్పచ్చ నక్షత్రం షెరీఫు బిళ్ళేనని కూతురికి నమ్మబలుకుతాడు. దూన్యా దాన్ని పెట్టుకుని గర్వంగా బడికి వెళ్తుంది. అదేమిటో అక్కడ తెలుస్తుంది. పుస్తకం పట్టుకున్న పిల్లకీ అప్పుడే తెలుస్తుంది, దూన్యా కంటే ఒక్క క్షణం ముందు కాదు.

డొవిలియే రాసి, లిజానో బొమ్మలు గీసిన 'హిడెన్' ఫ్రెంచిలో 2012లో వచ్చింది. నాజీలు ఆక్రమించిన ఫ్రాన్సులో దాక్కుని బతికిన ఒక యూదు పాప కథ. ఏడెనిమిదేళ్ళ పిల్లలు కూడా చదవొచ్చు. బొమ్మల్లో మనుషులకు తలలు పెద్దవి, ఒళ్ళు చిన్నవి. గ్యాస్ గదులు కనబడవు, శవాల గుట్టలూ కనబడవు. నాజీల క్యాంపు నుంచి నాన్న తిరిగి రాడు. అమ్మ వస్తుంది గానీ, చిక్కి శల్యమైన ఆమెను కూతురే గుర్తుపట్టదు. క్యాంపు గురించి ఆ వయసుకి అంతకన్నా చెప్పక్కర్లేదు.

నాజీలు చంపిన 60 లక్షల మంది యూదుల్లో పిల్లలే దాదాపు 15 లక్షలు. ఈ అంకెల్ని బోర్డు మీద రాస్తే పిల్లలు నోట్సులో ఎక్కించుకుంటారు, పరీక్ష కాగానే వదిలేస్తారు. క్యాంపుల ఫొటోలు చూపిస్తే కళ్ళు మూసుకుంటారు. సినిమా అయితే తన వేగంతో లాక్కుపోతుంది. బొమ్మల కథలో పేజీ తిప్పేది పిల్లల వేలే. గడికీ గడికీ మధ్య తెల్ల సందులో ఏం జరిగిందో ఎవరి వయసుకి తగ్గట్టు వాళ్ళు ఊహించుకుంటారు.

ఆర్ట్ స్పీగెల్‌మన్ 'మౌస్' (1986, 1991) దారి వేరు. ఆష్విట్జ్ క్యాంపు నుంచి బతికి బయటపడ్డ తండ్రి వ్లాదెక్‌ని కూచోబెట్టి, అడిగి, రికార్డు చేసుకుని గీసిన కథ. యూదులు ఎలుకలు, జర్మన్లు పిల్లులు, పోలండువాళ్ళు పందులు. పంచతంత్రం చదివిన మనకిది కొత్తేం కాదనిపిస్తుంది. అయితే పంచతంత్రంలో జంతువంటే ఒక గుణం, ఇక్కడ ఒక తొడుగు. వ్లాదెక్ పోలండువాడిగా నటిస్తూ వీధిలో నడుస్తుంటే ఎలుక మొహానికి పంది ముసుగు, దాన్ని కట్టిన తాడు కనబడతాయి. జాతి ఎంత పల్చటి అట్టముక్కో చెప్పడానికి ఆ తాడు చాలు. యూదుల్ని ఎలుకలతో పోల్చింది నాజీ ప్రచారమే. ఆ తిట్టునే స్పీగెల్‌మన్ తన కుంచెకు వాడుకున్నాడు.

నన్ను ఎప్పుడూ ఆపేసే చోటు మరొకటుంది. ఆష్విట్జ్ గేటు దగ్గర ఖైదీల బ్యాండు వాయించేదన్నది రుజువైన సంగతి. వ్లాదెక్ మాత్రం తనకు బ్యాండు గుర్తే లేదంటాడు. కొడుకు ఒక గడిలో బ్యాండుని గీస్తాడు. తర్వాతి గడిలో కవాతు చేస్తున్న ఖైదీల వరస దాన్ని కప్పేస్తుంది, పైకి వాయిద్యాల కొసలు మాత్రం కనబడుతుంటాయి. చరిత్రనీ వదల్లేదు, తండ్రినీ అబద్ధాలకోరుని చెయ్యలేదు. పదమూడేళ్ళ పిల్లలకి సాక్ష్యం అంటే ఏమిటో నేర్పడానికి ఇంతకంటే మంచి పేజీ నేను చూడలేదు.

2022 జనవరిలో అమెరికాలో టెన్నెసీ రాష్ట్రంలోని ఒక కౌంటీ స్కూలు బోర్డు 'మౌస్'ని ఎనిమిదో తరగతి పాఠాల నుంచి తీసేసింది. కొన్ని బూతు మాటలూ, స్పీగెల్‌మన్ తల్లి ఆత్మహత్య ఘట్టంలో ఓ చిన్న నగ్న చిత్రమూ అభ్యంతరాలట. ఏడేళ్ళ పిల్లలకి ఇవ్వొద్దంటే నేనూ ఒప్పుకుంటాను. వ్లాదెక్ పిసినారి, నల్లవాళ్ళంటే చిన్నచూపు. కష్టాలు పడ్డవాళ్ళంతా దేవుళ్ళైపోరని గ్రహించడానికి కాస్త వయసు రావాలి. ఎనిమిదో తరగతికి ఆ వయసు వచ్చేసినట్టే.

'హిడెన్'లో దూన్యా ఇదంతా చెప్పేది నాయనమ్మ అయ్యాక, ఓ రాత్రి నిద్రలేచి వచ్చిన మనవరాలికి. కన్నకొడుక్కి మాత్రం అన్నేళ్ళూ చెప్పలేదు.