ఆరోగ్యవరం లెక్క

గణిత నమూనా పాఠం అనగానే సమీకరణం బోర్డు మీదికి ఎక్కేస్తుంది. అందులోని అంకెల్ని ఎవరు లెక్కపెట్టారో, ఎవరిని ఏ గుంపులో వేశారో పిల్లలకు తెలియదు. అసలు చదువు ఆ రెండు ప్రశ్నల్లోనే ఉందని నా నమ్మకం. దానికి రుజువు మదనపల్లెలోనే ఉంది. 1950-55 మధ్య ఆరోగ్యవరం క్షయ శానిటోరియం వైద్యుడు ఫ్రిమోట్-మోలర్ బృందం మదనపల్లె పట్టణంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ జనానికి ఎక్స్‌రేలు, ట్యూబర్‌క్యులిన్ పరీక్షలు చేసింది. ఒక్కసారి చూస్తే ఎందరికి జబ్బుందో తెలుస్తుంది, మళ్లీ మళ్లీ చూస్తేనే కొత్తగా ఎందరికి అంటుకుంటోందో తేలుతుంది. ఇక గుంపుల సంగతి. తర్వాత బెంగళూరు జాతీయ క్షయ సంస్థలో పనిచేసిన వాలర్, గెసర్, ఆండర్సన్ 1962లో క్షయ వ్యాప్తికి తొలి గణిత నమూనాల్లో ఒకదాన్ని ప్రచురించారు. జనాన్ని సోకనివారు, సోకినా జబ్బుపడనివారు, జబ్బుపడినవారు అని మూడు గుంపులు చేశారు.

కలనగణితం రాని పిల్లలకు ఇదెలా అంటారు. ఆ నమూనా ఏడాదికేడాది ముందుకు నడిచే లెక్క, దాని మొదటి మెట్టుకు శాతాలు వస్తే చాలు. సోకనివారు 1000 మంది ఉన్నారనీ, ఏటా నూటికి ఇద్దరికి సోకుతుందనీ అనుకుందాం. మొదటి ఏడు 20 మంది, రెండో ఏడు 19.6 మంది. ఆ పాయింటు ఆరు మనిషి ఎవరని పిల్లవాడు అడిగిన క్షణమే సగటుకూ మనిషికీ తేడా మొదలవుతుంది. జబ్బుపడినవారు పెరిగితే ఆ రెండు శాతం అలాగే ఉంటుందా అని అడిగితే, అంటువ్యాధుల గణితం గుమ్మంలోకి వచ్చినట్టే.

ఇంత సులభం చేస్తే వాస్తవం మిగులుతుందా అన్నది ఇంకా బరువైన అభ్యంతరం. టమాటానే చూడండి. ఆర్థికవేత్త కాల్డోర్ 1934లో పేరుపెట్టిన సాలెగూటి నమూనా ప్రకారం, నిరుటి ధర చూసి రైతు సాగు పెంచుతాడు, అందరూ పెంచేసరికి ధర పడిపోతుంది. మదనపల్లె, పుంగనూరు రైతులకు ఈ ఎగుడుదిగుడు కొత్త కాదు. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్ యార్డులో కిలో వంద రూపాయలు దాటిన టమాటా సెప్టెంబరుకల్లా కుదేలైంది. ఆ నమూనాలో వాన లేదు, ఎండ లేదు, తెగులు లేదు, పొరుగు రాష్ట్రాల సరుకూ లేదు. అంతమాత్రాన పారేయక్కర్లేదు. అంచనాకూ యార్డు ధరకూ మధ్య తేడాను కొలిస్తే, వదిలేసినవాటి బరువెంతో తెలుస్తుంది. ఆ కొలత చేయించని పాఠాన్ని నేను నమూనా పాఠం అనను.

సిలబస్ పూర్తికాదన్న టీచర్ల మాట నిజమే. ఎన్‌సీఈఆర్‌టీ 9, 10 తరగతుల పుస్తకాల్లో గణిత నమూనా పాఠాన్ని చివర అనుబంధంగా వేశారు. పరీక్షకు రానిదాన్ని ఎవరు చెబుతారు? కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ ప్రాంగణంలో పిల్లలు సైన్సును చేతులతో చేసి చూస్తున్నారు, గణితానికీ ఆ అవకాశం కావాలి. పరీక్షలో జవాబుకు ఒక మార్కు, ఏమేం వదిలేశారో, ఎందుకు వదిలేశారో రాసినందుకు రెండు మార్కులు పెడితే ఏ బడిలోనూ ఆ పాఠాన్ని దాటేయరు.