ఇగ పెట్టు

తెలుగు, కన్నడం ఒకే నోట పలికే ఊళ్లు మావి. నారాయణపేట పక్కన దామరగిద్దలో దాసరి కొండప్ప బుర్రవీణ మీటి తత్వం ఎత్తుకుంటే, అది ఏ భాషని ఎవరూ అడగరు. వెదురు, సొరకాయ బుర్ర, తీగలు. అంతే ఆ వీణ. 2024లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు, 2022లో, మా పాలమూరు సీమలోనే పన్నెండు మెట్ల కిన్నెర దర్శనం మొగులయ్యకు పద్మశ్రీ తెచ్చింది.

ఆ రోజుల్లోనే నా ఫోన్లోకి కిన్నెర పాట ముక్క ఒకటి వచ్చింది. పండుగ సాయన్న కథలోది, నిమిషం కూడా లేదు. మురిసిపోయి మా తాతకు వినిపించాను. ఆయన చెవి దగ్గర పెట్టుకుని విని, ఫోన్ నా చేతికిచ్చేశాడు.

"కథేదిరా?"

"ఇదే కదా తాతా!"

"నడుమల నుంచి పెట్టినవ్. సాయన్న ఎవరు, ఉన్నోళ్లను ఎందుకు దోచిండు, ఎవరికి పెట్టిండు... అది తెల్వకుంటే ఉత్త తీగ సప్పుడే గదరా."

నాకు కొంచెం కోపమొచ్చింది. తర్వాత కిన్నెర పాటను మొదటినుంచి చివరిదాకా విన్నప్పుడుగానీ ఆయన మాట అర్థం కాలేదు. కిన్నెర ఛాతీకి ఆని ఉంటుంది, నోరు ఖాళీ. నాలుగు మాటలు పాడతారు, తీగ అందుకుంటుంది. ఆ సందులో పాడేవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు, వినేవాళ్లు జరిగింది తలపోసుకుంటారు. నేను తెచ్చిన ముక్కలో ఆ సందే లేదు.

పాటకు కథ తోడుండే చోటు ఇంకొకటి ఉంది, స్కాట్లాండ్. కాకపోతే అక్కడి ఫిడేలు సంగతి వేరు. దాన్ని గడ్డం కింద నొక్కిపెట్టి వాయిస్తే పాడటం కష్టం. అక్కడ చాలాసార్లు కథ ముందు నడుస్తుంది, బాణీ వెనక వస్తుంది. కొన్ని బాణీలకైతే పేరే కథ. నీల్ గౌ అనే పెద్ద ఫిడేలు విద్వాంసుడు (1727–1807) కట్టిన ఒక బాణీ పేరు 'రెండో భార్య మరణానికి శోకం'. మడతపెట్టిన నారాయణపేట చీరకు అంచు కనిపించినట్టు, ఆ పేరు వింటే లోపలిదంతా తెలిసిపోతుంది.

వాళ్లకూ ఒక సాయన్న ఉన్నాడు. పేరు జేమ్స్ మాక్‌ఫర్సన్. 1700 నవంబరు 16న బాన్ఫ్ పట్నంలో దొంగ అని ఉరి తీశారు. అంతవరకు చరిత్ర. అక్కడినుంచి 'అట' మొదలవుతుంది. ఉరికొయ్య కింద నిలబడి ఫిడేలు వాయించాడట. ఇది తీసుకునేవాళ్లెవరన్నా ఉన్నారా అని అడిగితే ఒక్కరూ చెయ్యి చాపలేదట. విరగ్గొట్టి పారేశాడట. ఉరి వద్దన్న కాగితం పట్టుకుని గుర్రం మీద మనిషి వస్తున్నాడని తెలిసి, ఊరి పెద్దలు గడియారాన్ని ముందుకు తిప్పించారట. అతనిదేనని చెప్పే విరిగిన ఫిడేలు ఇప్పటికీ న్యూటన్‌మోర్‌లో, మాక్‌ఫర్సన్ వంశం మ్యూజియంలో ఉంది.

ఈ 'అట'లకు కోర్టులో విలువ లేదు. కానీ ఊరు ఎవరి పక్షాన ఉందో చెప్పేవి అవే. తీర్పు రాసినవాళ్లు మాక్‌ఫర్సన్‌ను దొంగ అన్నారు. బాణీని మోసుకొచ్చినవాళ్లు మాత్రం గడియారం తిప్పినవాళ్లను దొంగలన్నారు. మా దగ్గర కిన్నెర చేసిందీ అదే పని.

మొన్న ఊరికి పోయినప్పుడు ఈ కథ తాతకు చెప్పాను. ఈసారి ఫోన్ తీయలేదు. అరుగు మీద కూచుని మొదటినుంచి చెప్పుకొచ్చాను. ఆయన 'ఊఁ' కొడుతూ విన్నాడు. గడియారం దగ్గరికి వచ్చేసరికి 'ఊఁ' ఆగిపోయింది.

"ఎంత ముందుకు తిప్పిండ్రు?"

"పావుగంట అంటరు తాతా."

తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఆయన వాయించిన పాట ఉందా?"

"ఉంది."

"ఇగ పెట్టు."