కనబడనంత మాత్రాన లేనట్టా?

చాగస్ వ్యాధి మీద పనిచేసే ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లకు ముందు నేర్పేది లెక్కపెట్టడం. చిట్టెలుక తోక కొస నుంచి అయిదు మైక్రోలీటర్ల రక్తం తీస్తాం. గాజు పలక మీద వేసి, 22 మిల్లీమీటర్ల చదరపు కవర్ స్లిప్ కప్పుతాం. మైక్రోస్కోప్‌లో 400 రెట్లు పెద్దది చేసి, యాభై చోట్ల కనబడిన పరాన్నజీవులను లెక్కపెడతాం. వచ్చిన మొత్తాన్ని ఆ మైక్రోస్కోప్‌కు సరిపడే గుణకంతో హెచ్చవేస్తే మిల్లీలీటర్ రక్తంలో ఎన్ని ఉన్నాయో తేలుతుంది. బ్రెజిల్ శాస్త్రవేత్త జిగ్మన్ బ్రెనర్ 1962లో వివరించిన ఈ పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది.

రంగు వేయని తాజా రక్తంలో ఈ వ్యాధి తెచ్చే పరాన్నజీవి ట్రిపనోసోమా క్రూజీ వెంటనే కంటికి ఆనదు. గుర్రపుడెక్క కింద చేప మెదిలితే పైన ఆకు ఊగినట్టు, ముందు దాని చుట్టూ ఉన్న ఎర్ర కణాలు కదులుతాయి. ఆ అలజడి దగ్గర చూపు నిలిపితే సన్నగా, పొడుగ్గా, మెలికలు తిరుగుతూ అది దొరుకుతుంది. చుక్క అంచులు ఆరిపోకముందే లెక్క పూర్తి కావాలి. ఏ రోజు చూస్తున్నామన్నదీ ముఖ్యమే. ఈ జీవిలో వై స్ట్రెయిన్ అనే రకాన్ని ఎక్కించిన ఎలుకలో సంఖ్య వారం దాటేసరికి పతాకస్థాయికి చేరుతుంది. కొలంబియన్ స్ట్రెయిన్‌కు నెల దగ్గర పడుతుంది.

ఆ తర్వాత సంఖ్య పడిపోతూ వస్తుంది. ఒక రోజు యాభై చోట్లా వెతికినా ఏమీ ఉండదు. నోట్‌బుక్‌లో సున్నా రాస్తాం. ఈ పనిలో నాకు అన్నిటికన్నా బరువుగా తోచే అంకె అదే.

లెక్క వేసి చూడండి. మామూలు మైక్రోస్కోప్‌లో యాభై చోట్లు కలిపితే కవర్ స్లిప్ విస్తీర్ణంలో నూటికి రెండు వంతులు. అంటే మనం నిజంగా చూసింది మైక్రోలీటర్‌లో పదోవంతు రక్తం. అందులో ఒక్కటి కనబడితే మిల్లీలీటర్‌కు పదివేలు ఉన్నట్టు. మరి ఏదీ కనబడకపోతే? కొన్ని వేలు ఉండి కూడా మన చూపులో పడకపోవచ్చు. పైగా ఈ జీవి రక్తంలోనే ఉండిపోదు. గుండె కండరంలోకి, పేగు గోడల్లోకి చేరి అక్కడ పెరుగుతుంది.

మనుషుల్లో ఇది ఎంతకాలం దాగి ఉండగలదో బెరెనిసి కథ చెబుతుంది. 1909లో బ్రెజిల్‌లోని లసాన్స్ ఊళ్లో డాక్టర్ కార్లోస్ చాగస్ ఈ జీవిని మొదటిసారి మనిషి రక్తంలో చూసింది రెండేళ్ల ఆ పాప దగ్గరే. 1962లోనూ, మళ్లీ 1978లోనూ ఆమె నుంచి అదే జాతి పరాన్నజీవిని వేరుచేశారు. దాదాపు డెబ్బై ఏళ్లు! ఆమె నుంచి తీసిన బెరెనిసి-78 స్ట్రెయిన్‌ను పరిశోధకులు ఎలుకల మీద ప్రయోగాల్లో వాడుతున్నారు.

కొలిచే సాధనాలు పదునెక్కాయి. పరాన్నజీవి డీఎన్ఏను పట్టే పీసీఆర్ వచ్చింది. లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్ పరిశోధకులు మిణుగురుకు వెలుగునిచ్చే ఎంజైమ్ జన్యువును పరాన్నజీవిలో పెట్టారు. ఎలుక బతికుండగానే ఒంట్లో అది ఎక్కడుందో కెమెరాలో చూడగలిగారు. గుండె జబ్బుగా పేరుపడిన ఈ వ్యాధి ముదిరాక, ఆ ఎలుకల్లో పరాన్నజీవి ఎక్కువగా తలదాచుకున్నది పెద్దపేగులోనూ జీర్ణాశయంలోనూ. రక్తం చూసి తృప్తిపడితే ఈ సంగతి ఎన్నటికీ తెలిసేది కాదు.

ఆ తృప్తి ఎంత ప్రమాదమో పోసకొనజోల్ నేర్పింది. ఎలుకల్లో ఆశలు రేపిన మందు అది. స్పెయిన్‌లో 78 మంది రోగులపై జరిపిన ట్రయల్ ఫలితాలు 2014లో వచ్చాయి. మందు వాడుతున్నన్నాళ్లూ దాదాపు అందరి రక్తంలోనూ పీసీఆర్ ఏమీ చూపలేదు. మందు ఆపాక, పోసకొనజోల్ వాడినవాళ్లలో నూటికి ఎనభైమందికి పైగా పరాన్నజీవి తిరిగి కనబడింది. పాత మందు బెంజ్‌నిడజోల్ దానికన్నా ఎంతో మెరుగ్గా నిలిచింది. మరుసటి ఏడాది కెమెరా పద్ధతితో ఎలుకల్లో చూసినప్పుడు కూడా పోసకొనజోల్ చాలావాటిని నయం చేయలేకపోయింది.

అందుకే ఇవాళ ప్రయోగాల్లో ఎలుకకు మందు ఇచ్చి ఊరుకోరు. సైక్లోఫాస్ఫమైడ్‌తో ఎలుక రోగనిరోధక శక్తిని అణచి, మిగిలిన పరాన్నజీవి ఏదైనా ఉంటే పెరిగి బయటపడే అవకాశమిస్తారు. చివరికి అవయవాలను విడివిడిగా పరీక్షిస్తారు. అంతా చూశాకే నయమైందంటారు. ఓపిక కావాలి, ఖర్చవుతుంది, ఎలుకలకు బాధ తప్పదు. ఆ బాధకు అర్థం ఉండాలంటే మన లెక్క నిక్కచ్చిగా ఉండాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 70 లక్షల మందికి పైగా ఈ జీవిని మోస్తున్నారు. వాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు. రేపు వాళ్లకు 'మీకు నయమైంది' అని చెప్పే మాట ల్యాబ్‌లో మేం రాసే సున్నాల మీదే నిలబడుతుంది. కాబట్టి ప్రతి సున్నా పక్కనా ఎంత రక్తం చూశామో, ఏ పద్ధతిలో చూశామో, దానికి ఎంతకన్నా తక్కువైతే అందదో రాసి తీరాలి. పరిశోధకుడు రోగికి పడ్డ బాకీలో మొదటిది అదే.