‘ఆలివర్ ట్విస్టు’ – ఔచిత్యము, కరుణము

చార్లెస్ డికెన్సు రచించిన ‘ఆలివర్ ట్విస్టు’ నవల 1837 మొదలు 1839 వఱకు మాసపత్రికలో వెలువడెను. 1834 నాఁటి దరిద్రపోషణశాసనముచే ఇంగ్లండున బలపడిన దరిద్రశాలల క్రౌర్యమును వెల్లడించుట దీని ప్రధానప్రయోజనము.

దరిద్రశాలలోఁ బుట్టి, కూలికిఁ బసివారిని సాఁకు నింట ఆఁకటితోను దెబ్బలతోను 9 ఏండ్లు నిండిన బాలుని నోట శిష్టభాషయు, మనస్సున నిష్కళంకతయు నెట్లు నిలిచినవని విమర్శకు లాక్షేపింతురు. ఆక్షేపము తగినదే, ఇచట ఔచిత్యభంగము లేదనరాదు. 12 ఏండ్ల ప్రాయమున బూటుమసి కర్మాగారమునఁ బనిచేసి యవమానపడిన డికెన్సు, అట్టి బ్రతుకు వేయు ముద్ర నెఱుఁగనివాఁడు కాఁడు.

అయినను రసభంగము కలుగలేదు. అందులకుఁ గారణము డిక్కను బాలుఁడు. ఆలివరు మఱికొంత గంజి యడిగిన ఘట్టమునే లోకము కొనియాడును. కావ్యమునకు జీవము వేఱొకచోట నున్నది. శవపేటికలు చేయువాని యింటఁ బనికిఁ గుదిర్పఁబడిన ఆలివరు, మృతురాలైన తన తల్లిని నిందించినవానిపైఁ దిరుగఁబడి, దెబ్బలు తిని, తెల్లవాఱుజామునఁ బాఱిపోవుచుఁ దాను పెరిగిన యింటికడ నిలుచును. మృత్యువు సమీపించినదని యెఱిఁగిన డిక్కు అతనిఁ గౌఁగిలించి దీవించును. ఆలివరు తన జన్మమున వినిన మొదటి దీవెన యదియే. తుదకు సుఖస్థితి నొంది చెలికానిఁ గొనిపోవ వచ్చునప్పటికి డిక్కు మృతుఁడై యుండెను.

తప్పించుకొనినవాని భాగ్యము కథను ముగించును గాని కరుణమును ముగింపదు. ఆలివరు నిష్కళంకతను నమ్మకపోవచ్చును. డిక్కు మరణమును నమ్మక తీఱదు. శాసనముపైఁ గవి మోపిన యభియోగ మదియే.