'ఈనియడ్' నాయకుడు - సామ్రాజ్యపు వెల

రాజాశ్రయమున వెలసిన కావ్యము రాజస్తుతియే యగునని పలువురి అభిప్రాయము. రోమక మహాకవి వర్జిల్ రచించిన 'ఈనియడ్' పైనను ఈ నింద చిరకాలముగా కలదు. క్రీ.పూ. 31లో ఆక్టియమ్ నౌకాయుద్ధమున జయించి, క్రీ.పూ. 27లో అగస్టస్ అను బిరుదము వహించిన చక్రవర్తి జూలియస్ సీజరు దత్తతచే జూలియస్ వంశమువాడయ్యెను. ఆ వంశమువారు కావ్యనాయకుడగు ఈనియాస్ కుమారుడైన యూలస్‌ను తమ మూలపురుషునిగా చెప్పుకొనిరి. పాండవులు తన వంశమువారని పలికి, భారతమును తెనిగింపుమని రాజరాజ నరేంద్రుడు నన్నయను కోరిన సందర్భము తెలుగు పాఠకునకు ఇచట స్ఫురింపక మానదు. అయినను పండ్రెండు సర్గల ఈ కావ్యమును శ్రద్ధతో చదివినచో, కవి సామ్రాజ్యమును కీర్తించుచునే దాని వెలను గూడ లెక్కించెనని తోచును.

ఈనియాస్ తొలుత మనకు జయశాలిగా కనిపించడు. తుపానులో చలికి అవయవములు సడలి, ట్రాయ్ కోట గోడల చెంత మరణించినవారే ధన్యులని విలపించుచు కనిపించును. అతని ముఖ్యగుణమును లాటిన్ భాషలో 'పియెటాస్' అందురు. దేవతలయెడ, తండ్రియెడ, స్వజనులయెడ గల కర్తవ్యనిష్ఠ అది; మన 'ధర్మము' దానికి దగ్గరి మాట. తగులబడుచున్న ట్రాయ్ నుండి అతడు కులదేవతల ప్రతిమలను తండ్రి చేతికిచ్చి, ఆ వృద్ధుని భుజములపై మోసికొని, కుమారుని చేయి పట్టుకొని వెడలెను. వెనుక నడచిన భార్య క్రూసా చీకటిలో తప్పిపోయెను. ధర్మము నెరవేరెను, కాని ఇల్లాలు దక్కలేదు.

నాల్గవ సర్గలో దేవదూత ఆజ్ఞకు లోబడి అతడు కార్తేజ్ రాణి డైడోను విడిచిపోవును. ఇటలీకి పోవుట తన ఇచ్ఛ కాదనును. ఆమె ప్రాణత్యాగము చేయును. ఆరవ సర్గలో పితృలోకమున ఆమెను చూచి అతడు కన్నీటితో పలుకరించినను, ఆమె ఒక్కమాటయు ఆడక మొగము త్రిప్పుకొని పోవును. ఆ సర్గలోనే తండ్రి ఆంకైసీస్ రోమకుల రాజధర్మమును ఉపదేశించును: లొంగినవారిని కాచుట, గర్వితులను అణచుట.

ఆ ఉపదేశము కడపటి సర్గలో పరీక్షకు నిలుచును. ఓడిన టర్నస్ తన వృద్ధ తండ్రిని తలచి దయచూపుమని వేడును. ఈనియాస్ చేయి ఒక్క క్షణము ఆగును. ఇంతలో టర్నస్ చేత హతుడైన బాలవీరుడు పాలస్ యొక్క పట్టీ శత్రువు భుజముపై కనిపించును. కోపోద్రిక్తుడై ఈనియాస్ వానిని పొడుచును. కావ్యము అక్కడనే ముగియును. వివాహము లేదు, పట్టాభిషేకము లేదు. పాలస్ తండ్రి కోరిన న్యాయమైన ప్రతీకారమే ఇదని సమర్థించు పండితులు కలరు. కవి మాత్రము తీర్పు చెప్పలేదు. అధికారము చేపట్టిన ధర్మపరుడును క్రోధమును జయింపలేడని చూపి విడిచెనని నా తలంపు.

క్రీ.పూ. 19లో మరణించుచు వర్జిల్ ఈ కావ్యమును దహింపగోరెనని ప్రాచీన జీవితచరిత్రలు చెప్పును. అగస్టస్ దానిని ప్రకటింపజేసెను. ఆ విధముగా తన వంశస్తుతితోపాటు డైడో మౌనమును, టర్నస్ మరణమును గూడ చక్రవర్తియే కాపాడెను.

ఇతర భాషల నడుమ తరతరములుగా స్థిరపడిన తెలుగువారమగు మనము ఆగి చదువవలసిన ఘట్టము మరియొకటి కలదు. టర్నస్ మరణమునకు కొంచెము ముందు జూనో దేవత ఒక వరము కోరును: గెలుపు ట్రాయ్ వారిదే యైనను, లాటిన్ జనులు తమ పేరును, భాషను, వేషమును విడువరాదు, ట్రాయ్ పేరు అంతరింపవలెను. జూపిటర్ సమ్మతించును. మోసి తెచ్చిన కులదేవతలు నిలిచిరి గాని, వారిని కొలిచిన నుడి నిలువలేదు. రాజ్యము గెలిచినను భాష దక్కలేదన్న మాట! రాజ్యాధికారముతో పనిలేకయే మన ఇండ్లలో ఇన్ని తరములు తెలుగు నిలిచినదనిన, అది బిడ్డలతో తెలుగున మాటలాడిన తల్లుల వలననే. ఇక ముందును అది వారి వలననే, మన వలననే నిలువవలెను.